ఫిజియలాజికల్ సొసైటీ సరిగ్గా 1876 మార్చిలోనే ఎందుకు పుట్టింది?

పీజీ_మొదటేడు:

అందరికీ నమస్కారం. నేను ఫిజియాలజీలో పీజీ మొదటి సంవత్సరం. వచ్చే వారం డిపార్ట్‌మెంట్‌లో నేనొక సెమినార్ ఇవ్వాలి. టాపిక్ నేనే ఎంచుకున్నాను, లండన్‌లో మొదలైన ఫిజియలాజికల్ సొసైటీ చరిత్ర. మేం చదివే పుస్తకాల్లో సగం పేర్లు ఆ సొసైటీ వాళ్లవే కదా, స్టార్లింగ్, బేలిస్, షెరింగ్టన్, లాంగ్లీ, హాడ్జ్‌కిన్, ఎవరిని పట్టుకున్నా అక్కడికే దారి తీస్తుంది, అందుకే తేలిగ్గా అయిపోతుందనుకున్నాను.

మొన్న మా మేడమ్‌కి మొదటి స్లైడు చూపించాను. "శరీరధర్మశాస్త్రం అభివృద్ధి కోసం 1876 మార్చి 31న లండన్‌లో ఏర్పడింది" అని రాశాను. ఆవిడ చూసి, అంతకుముందు శరీరధర్మశాస్త్రం లేదా, అభివృద్ధి చెయ్యాలని అంతకుముందు ఎవరికీ అనిపించలేదా, సరిగ్గా ఆ నెలలోనే ఎందుకు కూర్చున్నారు అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. అప్పటి నుంచి చదువుతూనే ఉన్నాను గానీ ఒక్కొక్కచోట ఒక్కొక్కలా ఉంది. ఒకచోట అది భోజనాల క్లబ్ అన్నారు, ఇంకోచోట జంతు ప్రయోగాల మీద రాబోయే చట్టాన్ని ఎదుర్కోడానికి పెట్టుకున్న సంఘం అన్నారు.

నా సందేహాలు ఇవి. ఇది నిజంగా సైన్స్ కోసం పుట్టిందా, చట్టానికి భయపడి పుట్టిందా? "జర్నల్ ఆఫ్ ఫిజియాలజీ"ని మొదటి నుంచీ సొసైటీయే నడిపిందా? 1915 దాకా ఆడవాళ్లను ఎందుకు చేర్చుకోలేదు? దయచేసి తెలిసినవాళ్లు కొంచెం వివరంగా చెప్పండి. సెమినార్‌లో మళ్లీ అలా నిలబడిపోకూడదని గట్టిగా అనుకుంటున్నాను.

పాతపేజీ:

మీ మేడమ్ సరైన చోట వేలు పెట్టారు. ఈ చరిత్ర అర్థం కావాలంటే ఆ నెల ఎందుకన్నదే తెలియాలి. కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

1870 నాటికి ఫిజియాలజీ అంటే జర్మనీ, ఫ్రాన్స్. లైప్‌జిగ్‌లో కార్ల్ లుడ్విగ్, పారిస్‌లో క్లాడ్ బెర్నార్డ్. ఇంగ్లండ్‌లో ఫిజియాలజీని ఎక్కువగా అనాటమీకి తోకలా చెప్పేవారు. లండన్ యూనివర్సిటీ కాలేజీలో విలియం షార్పీ 1836 నుంచి పాఠం చెబుతున్నాడు, గొప్ప గురువు, కానీ ప్రయోగాలు చేసి చూపించే మనిషి కాదు. ఆయన చేతికింద తయారైన మైకేల్ ఫాస్టర్ 1870లో కేంబ్రిడ్జి వెళ్లాడు. షార్పీ తర్వాత యూనివర్సిటీ కాలేజీలో పగ్గాలు పట్టినవాడు జాన్ బర్డన్ శాండర్సన్. వీళ్లిద్దరూ ల్యాబుల్లో ప్రయోగాలు చేయించడం మొదలుపెట్టాకే అక్కడ ఆ శాస్త్రం సొంత కాళ్ల మీద నిలబడింది.

ఆ ఊపులోనే 1873లో బర్డన్ శాండర్సన్ సంపాదకుడిగా ల్యాబ్ హ్యాండ్‌బుక్ ఒకటి వచ్చింది. ఆయనతో పాటు ఎమాన్యుయెల్ క్లైన్, ఫాస్టర్, లాడర్ బ్రంటన్ రాశారు. కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసమని ముందుమాటలోనే చెప్పారు. బతికున్న జంతువుల మీద చేసే ప్రయోగాలు వరుసగా వివరించారు గానీ మత్తు ఇవ్వాలన్న సంగతి చాలాచోట్ల రాయలేదు. ల్యాబ్‌లో అందరికీ తెలిసిందే కదా, మళ్లీ రాయడం ఎందుకనుకున్నారు. బయటివాళ్లకు మాత్రం ఆ పుస్తకం, కుర్రాళ్లకు మత్తు లేకుండా కుక్కల్ని కొయ్యడం నేర్పే పుస్తకంలా కనిపించింది.

ఆ మరుసటేడు, 1874లో, నార్విచ్‌లో బ్రిటిష్ మెడికల్ అసోసియేషన్ సమావేశం జరిగింది. ఫ్రాన్స్ నుంచి వచ్చిన మాన్యాన్ అనే డాక్టరు అందరి ముందూ కుక్కలకు అబ్సింత్ అనే ఘాటైన మద్యం ఎక్కించి చూపించాడు. అక్కడే గొడవైంది, కేసు పెట్టారు, మాన్యాన్ అప్పటికే ఫ్రాన్స్ వెళ్లిపోయాడు, కేసు నిలబడలేదు. కేసు పోయినా పేపర్లలో మంట ఆరలేదు.

1875లో ఫ్రాన్సెస్ పవర్ కాబ్ అనే ఆవిడ జంతు ప్రయోగాలను వ్యతిరేకించే విక్టోరియా స్ట్రీట్ సొసైటీ పెట్టింది. ఆ మే నెలలోనే పార్లమెంటుకు ఒకదానికొకటి పోటీగా రెండు బిల్లులు వచ్చాయి, ఒకటి కాబ్ వర్గంది, రెండోది శాస్త్రవేత్తల తరఫున లయన్ ప్లేఫేర్ తెచ్చింది. రెండిటినీ పక్కనబెట్టి ప్రభుత్వం రాయల్ కమిషన్ వేసింది. 1876 జనవరిలో కమిషన్ రిపోర్టు వచ్చింది, ప్రయోగాలు ఆపక్కర్లేదు గానీ చట్టం మాత్రం కావాలి అని.

ఇప్పుడు తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. జనవరిలో రిపోర్టు. మార్చి 31న బర్డన్ శాండర్సన్ తన ఇంటికి, 49 క్వీన్ ఆన్ స్ట్రీట్‌కి, తోటివాళ్లను పిలిచాడు. మేలో లార్డ్ కార్నార్వన్ ప్రభువుల సభలో బిల్లు పెట్టాడు. ఆగస్టు 15న అది చట్టమైంది. అంటే చట్టం వస్తుందని తెలిసిపోయింది, ఎలా వస్తుందో ఇంకా తెలియదు, ఆ మధ్య నెలల్లో కూర్చున్నారు వీళ్లు. ఆ రోజు సమావేశమైనది 19 మంది. జీవశాస్త్రవేత్త థామస్ హక్స్‌లీ ఉన్నాడు, ఆ రాయల్ కమిషన్‌లో ఆయనే ఒక సభ్యుడు. ఫాస్టర్, రోమనెస్, పాతికేళ్ల షేఫర్ ఉన్నారు. నవలా రచయిత్రి జార్జ్ ఎలియట్ సహచరుడు జార్జ్ హెన్రీ లూయిస్ కూడా ఉన్నాడు. రెండేళ్లకు ఆయన పోయాక ఆవిడ ఆయన పేరిట కేంబ్రిడ్జిలో ఫిజియాలజీ పరిశోధనకు స్టూడెంట్‌షిప్ పెట్టింది. షెరింగ్టన్, హెన్రీ డేల్ దాని మీద పని చేసినవాళ్లే, ఇద్దరికీ తర్వాత నోబెల్ వచ్చింది. ఇది స్లైడులో తప్పకుండా పెట్టండి, అంతమంది ప్రొఫెసర్ల మధ్య ఒక నవలా రచయిత్రి డబ్బుతో నిలబడిన స్కాలర్‌షిప్ అది.

కాబట్టి నా జవాబు, చట్టం భయం లేకపోతే ఆ నెలలో వాళ్లు కూర్చునేవాళ్లు కాదు.

సుద్దముక్క:

పాతపేజీ గారు చెప్పిన తేదీలన్నీ సరే. కానీ ఒక మాట చేర్చకపోతే కథ ఒకవైపుకే ఒరిగిపోతుంది. నేను ఈ సబ్జెక్టు చాలా ఏళ్లుగా చెబుతున్నాను, మన పిల్లలకు ఇది ఎప్పుడూ "అజ్ఞానులు సైన్స్‌ను అడ్డుకోబోయారు, శాస్త్రవేత్తలు ఒక్కటై నిలిచారు" అన్నట్టే చేరుతుంది. అది న్యాయం కాదు.

రాయల్ కమిషన్ ముందు క్లైన్ ఏం చెప్పాడో చదవండి. మత్తుమందు తన సౌకర్యం కోసమే వాడతానని, ప్రయోగం చేసేవాడికి జంతువు బాధ గురించి ఆలోచించే తీరిక ఉండదని కమిషన్ సభ్యుల ముఖం మీదే చెప్పాడు. ఆయన మాటలు విని సొంత పక్షమే తల పట్టుకుంది. వ్యతిరేకులు పనిగట్టుకుని పుట్టించిన కథ కాదది, రికార్డులో ఉన్న సాక్ష్యం. చట్టం కావాలని అడిగినవాళ్ల భయానికి ఆధారం ఉంది. విక్టోరియా రాణి సానుభూతి కూడా వాళ్లవైపే.

రెండోది. ఆ చట్టం ఫిజియాలజీని చంపలేదు. హోం సెక్రటరీ దగ్గర లైసెన్సు తీసుకోవాలి, మత్తు ఇవ్వాలి, మత్తు లేకుండా చెయ్యాలన్నా, క్లాసులో చూపించాలన్నా విడిగా సర్టిఫికెట్లు కావాలి, ఇన్‌స్పెక్టర్లు వస్తారు. మొదట్లో లైసెన్సుల కోసం తిప్పలు పడ్డారు, నిజమే. కానీ అదే చట్టం నీడన బ్రిటిష్ ఫిజియాలజీ ప్రపంచంలో ముందు వరసకు వచ్చింది. 1986లో కొత్త చట్టం వచ్చేదాకా, అంటే 110 ఏళ్లు, అదే నడిచింది. బేలిస్, స్టార్లింగ్ 1902లో సెక్రెటిన్ అనే హార్మోన్‌ను కనిపెట్టింది ఆ చట్టం కిందే, "హార్మోన్" అన్న మాట స్టార్లింగ్ 1905లో వాడింది ఆ చట్టం కిందే. లైసెన్సు ఉండటం వల్ల పరిశోధకుడికి ఒక రక్షణ కూడా దొరికింది, ఎవరైనా కోర్టుకు లాగితే చూపించడానికి చేతిలో కాగితం ఉండేది.

అయితే గొడవ అక్కడితో ఆగిపోయిందనుకోకండి. బర్డన్ శాండర్సన్ 1882లో ఆక్స్‌ఫర్డ్‌కి మొదటి ఫిజియాలజీ ప్రొఫెసర్‌గా వెళ్లాడు. ఆయన ల్యాబ్‌కి 10,000 పౌండ్లు ఇవ్వాలా వద్దా అని 1883లో యూనివర్సిటీలో ఓటు పెడితే 88కి 85, మూడంటే మూడే ఓట్ల తేడా. రెండేళ్ల తర్వాత ఇంకోసారి అదే గొడవ ఓటుకు వచ్చింది, 412కి 244, అప్పుడు కళా విమర్శకుడు జాన్ రస్కిన్ అక్కడి తన ప్రొఫెసర్ పదవి వదిలేసి వెళ్లిపోయాడు. నాకు ఈ 88, 85 అంకెలంటే చాలా ఇష్టం. ఇద్దరు మనుషులు మనసు మార్చుకుని ఉంటే ఆక్స్‌ఫర్డ్‌లో ఆ ల్యాబ్ అప్పుడు లేచేదే కాదు.

1903లో బేలిస్ కేసు మీకు తెలిసే ఉంటుంది, గోధుమరంగు కుక్క వివాదం. యూనివర్సిటీ కాలేజీలో విద్యార్థుల ముందు బేలిస్ ఒక కుక్క మీద డెమో చేశాడు, క్లాసులో కూర్చున్న ఇద్దరు స్వీడిష్ అమ్మాయిలు దానికి మత్తు సరిగా ఇవ్వలేదని రాశారు, జంతు ప్రయోగాల వ్యతిరేక సంఘం నాయకుడు స్టీఫెన్ కోల్‌రిడ్జ్ ఆ ఆరోపణను బహిరంగంగా చదివాడు. బేలిస్ పరువునష్టం దావా వేసి గెలిచాడు. 2,000 పౌండ్ల పరిహారం వచ్చింది, దాన్ని కాలేజీలో ఫిజియాలజీ పరిశోధనకే ఇచ్చేశాడు. ఆ కుక్క విగ్రహాన్ని 1906లో బ్యాటర్‌సీలో పెట్టారు, మెడికల్ విద్యార్థులు దాని కోసం వీధుల్లో కొట్లాటకు దిగారు, 1910లో తీసేశారు.

సెమినార్‌లో రెండు పక్షాలూ చెప్పండమ్మా. మీ మేడమ్ తర్వాతి ప్రశ్న అదే అయ్యుంటుంది.

ల్యాబ్_బెంచీ:

పై ఇద్దరూ చట్టం దగ్గరే ఆగారు. నాకు ఇందులో అన్నిటికంటే ఇష్టమైనది భోజనాల క్లబ్ ఎలా సైన్స్ సొసైటీ అయిందన్నది. అది పక్కన పెట్టేస్తే సొసైటీ చరిత్రలో సగం పోయినట్టే.

మొదట్లో అది నిజంగా భోజనాల క్లబ్బే. సభ్యులు 40 మందికి మించకూడదని నియమం పెట్టుకున్నారు. కలుసుకుంటారు, తింటారు, మాట్లాడుకుంటారు. 1880లలోకి వచ్చాక భోజనానికి ముందు ఎవరో ఒకరి ల్యాబ్‌లో చేరి ప్రయోగాలు చూపించుకోవడం మొదలైంది. ఒకసారి లండన్, ఒకసారి కేంబ్రిడ్జి, ఒకసారి ఆక్స్‌ఫర్డ్. మిగతా విద్వత్సభల్లో లేనిది ఇదే. ఎక్కడైనా పేపర్ చదువుతారు, వీళ్లు కప్ప గుండెను బల్లమీద పెట్టి, ఇదిగో నేను చెప్పింది, మీ కళ్లతో చూడండి అన్నారు. పక్కన నిలబడ్డవాడు ఆ తీగ కొంచెం జరిపి చూడు అనొచ్చు. తప్పుంటే అక్కడికక్కడే బయటపడుతుంది. నేను ల్యాబ్‌లో పని చేసే మనిషిని కాబట్టి నాకు ఇది చాలా పెద్ద విషయంలా అనిపిస్తుంది. చెప్పే మాటకీ చేసే పనికీ మధ్య దూరం లేని సభలవి.

ఇక జర్నల్. మీ రెండో ప్రశ్నకి జవాబు, కాదు. "జర్నల్ ఆఫ్ ఫిజియాలజీ"ని 1878లో మైకేల్ ఫాస్టర్ మొదలుపెట్టాడు, డ్యూ స్మిత్ అనే ఆయన డబ్బుతో ఆదుకున్నాడు. సొసైటీ సభ్యులే ఎక్కువగా రాసేవారు, సొసైటీ సమావేశాల వివరాలు అందులోనే వచ్చేవి, కానీ ఆస్తి మాత్రం సొసైటీది కాదు. అప్పుల్లో పడితే 1894లో లాంగ్లీ కొనుక్కుని, 1925లో చనిపోయేదాకా తానే నడిపాడు. లాంగ్లీ అంటే మనకు అటానమిక్ నాడీవ్యవస్థ, కానీ అప్పటి రచయితలకు ఆయనంటే ఎర్ర సిరా. పేపర్ పంపితే వాక్యం వాక్యం కోసేసేవాడు, అనవసరపు మాట ఒక్కటి మిగలనిచ్చేవాడు కాదు. ఆ జర్నల్‌కి బిగువైన భాష ఆయన చేతి నుంచే వచ్చింది. ఆయన పోయాక 1926లో, అంటే సొసైటీకి యాభై ఏళ్లు నిండాక, అది సొసైటీ చేతికి వచ్చింది. స్లైడులో ఈ తేడా స్పష్టంగా రాయండి, చాలామంది పొరబడతారు.

ఆ జర్నల్లో వచ్చినవాటిలో ఒక్కటే చెప్పమంటే రింగర్ కథ చెబుతాను. సిడ్నీ రింగర్ కప్ప గుండెను ఉప్పునీటి ద్రావణంలో కొట్టుకునేలా చేసి 1882లో పేపర్ వేశాడు. ద్రావణం డిస్టిల్డ్ వాటర్‌తో చేశానని ఆయన నమ్మకం. తర్వాత తేలిందేమిటంటే ల్యాబ్‌లో దాన్ని చేసిన మనిషి వాడింది కొళాయి నీళ్లు, న్యూ రివర్ వాటర్ కంపెనీ లండన్‌కి సరఫరా చేసే నీళ్లు. నిజంగా డిస్టిల్డ్ వాటర్‌తో చేసి చూస్తే గుండె ఆగిపోతోంది. కొళాయి నీళ్లలో కాల్షియం ఉంది, అదీ సంగతి. రింగర్ ఆ పొరపాటును దాచలేదు. మరుసటేడు అదే జర్నల్లో నా పాత పేపర్లో జరిగింది ఇది అని ముందే చెప్పి, గుండె కొట్టుకోవడానికి కాల్షియం తప్పనిసరి అని చూపించాడు. మన వార్డుల్లో ఎక్కించే రింగర్ లాక్టేట్ పేరు అక్కడిదే. తన తప్పును తనే అచ్చేసి దాని నుంచే ఇంత పెద్ద నిజం తీసిన మనిషి మీద నాకు చాలా గౌరవం.

చివర్లో స్లైడు ఖాళీ ఉంటే 1952 కూడా పెట్టండి. హాడ్జ్‌కిన్, హక్స్‌లీ స్క్విడ్ అనే సముద్రజీవి ఆక్సాన్ (నాడీ తంతువు) మీద రాసిన వరస పేపర్లు వచ్చింది అదే జర్నల్లో, 1963లో నోబెల్ వచ్చింది. ఈ ఆండ్రూ హక్స్‌లీ ఎవరనుకున్నారు, 1876లో ఆ ఇంట్లో కూర్చున్న హక్స్‌లీ మనవడు. లండన్‌లో సొసైటీ భవనానికి పెట్టిన పేరు కూడా హాడ్జ్‌కిన్ హక్స్‌లీ హౌస్.

వేగస్:

మూడో ప్రశ్న ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి నేను రాస్తాను, దాని గురించి నాకు గట్టిగానే అనిపిస్తుంది.

భోజనాల క్లబ్ అన్నది వినడానికి ముచ్చటగా ఉంది, కానీ ఆడవాళ్లను బయట ఉంచింది ఆ భోజనమే. సమావేశం తర్వాత మగవాళ్లంతా కలిసి తినే ఆనవాయితీ ఉంది, ఆడవాళ్లు సభ్యులైతే ఆ బల్ల దగ్గర కూడా కూర్చుంటారు కదా, అది ఎలా కుదురుతుంది అన్నది అడ్డు. వాళ్ల పని సరిపోదని కాదు, ఆ మాట అనడానికి వీల్లేదు కూడా, ఎందుకంటే వాళ్ల పేపర్లు అదే జర్నల్లో వస్తున్నాయి.

ఫ్లోరెన్స్ బ్యుకానన్ సంగతే చూడండి. ఆక్స్‌ఫర్డ్‌లో బర్డన్ శాండర్సన్ దగ్గర కండరాల విద్యుత్ స్పందనల మీద పని చేసింది. 1896లోనే సొసైటీ సమావేశానికి హాజరైంది, అలా హాజరైన మొదటి మహిళ ఆవిడే. సభ్యత్వం వచ్చింది 1915లో. 19 ఏళ్లు! సమావేశంలో కూర్చోవచ్చు, ప్రయోగం చూడొచ్చు, సభ్యురాలు మాత్రం కాలేదు. అన్నేళ్లు ఆ గది గుమ్మం దాకా వచ్చి ఆగిపోవడం ఎలా ఉండి ఉంటుందో ఆలోచిస్తే నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

మొదటి ప్రపంచ యుద్ధానికి కాస్త ముందు జె.ఎస్. హాల్డేన్ ఆడవాళ్లను చేర్చుకుందామని ప్రతిపాదించాడు. వాదనలు చాలా నడిచాయి. చివరికి 1915లో ఆరుగురిని ఒకేసారి ఎన్నుకున్నారు. ఫ్లోరెన్స్ బ్యుకానన్, వినిఫ్రెడ్ కల్లిస్, రూత్ స్కెల్టన్, సారా సోటన్, కాన్‌స్టన్స్ లీథమ్ టెర్రీ, ఈనిడ్ ట్రైబ్. మీ స్లైడులో "ఆరుగురు మహిళలు" అని మాత్రం రాసి వదిలెయ్యకండి, ఆరు పేర్లూ రాయండి. మగవాళ్ల పేర్లన్నీ ఎలాగూ సూత్రాల్లో, ద్రావణాల్లో ఉన్నాయి. కల్లిస్ తర్వాత లండన్‌లో మహిళల మెడికల్ స్కూల్లో ఫిజియాలజీ ప్రొఫెసర్ అయింది.

పోల్చడానికి ఇంకొకటి. అమెరికన్ ఫిజియలాజికల్ సొసైటీ 1887 డిసెంబరులో న్యూయార్క్‌లో 28 మందితో మొదలైంది. పెట్టినవాళ్లలో ఒకడైన న్యూవెల్ మార్టిన్, మైకేల్ ఫాస్టర్ శిష్యుడే, కేంబ్రిడ్జి నుంచి వెళ్లినవాడే. అక్కడ ఐడా హైడ్‌ని 1902లో చేర్చుకున్నారు. పిల్ల సొసైటీ పదమూడేళ్లు ముందే చేసిన పని అన్నమాట.

పీజీ_మొదటేడు:

అందరికీ ఎలా థ్యాంక్స్ చెప్పాలో తెలియట్లేదు. నిన్న రాత్రి కూర్చుని స్లైడులన్నీ మళ్లీ మొదటి నుంచి చేశాను. మొదటి స్లైడులో ఇప్పుడు ఏ వాక్యమూ లేదు, 1876 జనవరి, మార్చి, మే, ఆగస్టు, ఆ నాలుగు నెలలూ ఒక గీత మీద పెట్టాను. ఆరు పేర్లూ రాశాను. 88, 85 కూడా. రింగర్ కథకి ఒక స్లైడు మొత్తం ఇచ్చాను.

ఒక్క సందేహం మిగిలింది. మొదటి గౌరవ సభ్యుల్లో డార్విన్ ఉన్నాడని చదివాను. ఆయన ఫిజియాలజిస్టు కాదు కదా, మరి ఆయన్ని ఎందుకు? పేరున్న మనిషి కాబట్టి పెట్టుకున్నారా? ఇంకొకటి, చట్టం వచ్చాక ఫిజియాలజిస్టుల మీద ఎవరి మీదైనా నిజంగా కేసు నడిచిందా? టెన్షన్ అంతా మేడమ్ అది అడుగుతారేమోనని.

పాతపేజీ:

డార్విన్, షార్పీ, ఇద్దరినీ 1876లోనే గౌరవ సభ్యులుగా ఎన్నుకున్నారు. షార్పీ అందరికీ గురువు, అది సరే. డార్విన్ విషయం పేరు కోసం మాత్రమే కాదు, ఆయన ఈ గొడవలో లోపలి మనిషి. 1875 జనవరిలో కాబ్ విన్నపం మీద సంతకం చెయ్యమని కూతురు హెన్రియెటా అడిగితే ఆయన చెయ్యలేదు. జంతువుల్ని బాధ పెట్టడమంటే ఆయనకు అసహ్యం, ఆ సంగతి చుట్టూ ఉన్నవాళ్లందరికీ తెలుసు, అయినా ఫిజియాలజీ బతకాలంటే ప్రయోగాలు తప్పవని నమ్మాడు. ఊరికే కాదని కూర్చోకుండా బర్డన్ శాండర్సన్ వాళ్లతో కలిసి శాస్త్రవేత్తల బిల్లు తయారీలో పాలుపంచుకున్నాడు, అదే ప్లేఫేర్ తెచ్చిన బిల్లు. ఆరోగ్యం బాగోక ఇల్లు కదలని మనిషి, ఆ నవంబరులో లండన్ వెళ్లి కమిషన్ ముందు సాక్ష్యం చెప్పాడు. గౌరవ సభ్యత్వం ఇవ్వకపోతేనే ఆశ్చర్యపోవాలి. ఇక్కడ సుద్దముక్క గారి మాట నేను ఒప్పుకుంటాను, పక్షాలు నలుపు తెలుపుగా లేవు. డార్విన్ ఒక్కడిలోనే రెండూ ఉన్నాయి.

కేసు విషయం. నడిచింది. 1881 ఆగస్టులో లండన్‌లో అంతర్జాతీయ మెడికల్ కాంగ్రెస్ జరిగింది. మెదడులో ఏ భాగం ఏ పని చేస్తుందో తేల్చినవాళ్లలో ముఖ్యుడు డేవిడ్ ఫెరియర్, ఆయన అక్కడ కోతిని తెచ్చి చూపించాడు. మెదడులో కదలికలకు సంబంధించిన భాగం ఒకవైపు తీసేస్తే రెండోవైపు కాలు చెయ్యి పడిపోయిన కోతి. అది చూశాక, లైసెన్సు లేకుండా ఆపరేషన్ చేశాడని నవంబరులో ఆయన్ని బో స్ట్రీట్ కోర్టుకు లాగారు. కోర్టులో తేలిందేమిటంటే కత్తి పట్టింది ఫెరియర్ కాదు, జెరాల్డ్ యో, ఆయనకు లైసెన్సు ఉంది. కేసు కొట్టేశారు.

ఈ జెరాల్డ్ యో పేరు గుర్తుపెట్టుకోండి. సొసైటీ మొదటి కార్యదర్శులు ఇద్దరు, ఒకరు రోమనెస్, రెండోవారు ఈయనే. చట్టం వచ్చాక ఐదేళ్లకు నడిచిన పెద్ద కేసులో నిందితుడు సొసైటీ మనిషి, ఆయన్ని బయటపడేసిన లైసెన్సు సొసైటీ కార్యదర్శిది. సుద్దముక్క గారు చేతిలో కాగితం అన్నది ఇలాంటిదే. ఆ మరుసటేడు, 1882లో, పరిశోధన ద్వారా వైద్యాన్ని ముందుకు తీసుకెళ్లడానికంటూ వేరే సంఘం పెట్టారు, ప్రభుత్వంతో మాట్లాడే పని ఎక్కువగా దాని మీద పడింది. సొసైటీకి ల్యాబుల్లో ప్రయోగాలు చూపించుకునే తీరిక దొరికింది. మీ మొదటి ప్రశ్నకి నేను ముందు చట్టం అని ఒక్కముక్కలో చెప్పేశాను, ల్యాబ్_బెంచీ గారు రాసింది చదివాక మార్చుకుంటున్నాను. చట్టం వాళ్లను ఒక గదిలోకి తెచ్చింది, ఆ గదిలో అన్నేళ్లు కూర్చోబెట్టింది మాత్రం బల్లమీది కప్ప గుండె.

సుద్దముక్క:

ఇంకొక్కటి చేర్చుకోండమ్మా, మేడమ్ ఇంగ్లండ్ బయట ఏం జరిగిందని అడిగితే పనికొస్తుంది. ప్రపంచంలో ఫిజియాలజిస్టులంతా మొదటిసారి ఒకచోట కలిసింది 1889లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో. ఆ ఆలోచన ఈ సొసైటీ నుంచే వచ్చింది, ఫాస్టర్ దాని వెనక ఉన్నాడు. అక్కడ అగస్టస్ వాలర్, మనిషి గుండె విద్యుత్తును ఛాతీ తెరవకుండా బయటి నుంచి ఎలా పట్టుకోవచ్చో చూపించాడు. ఆ పని ఆయన 1887లో లండన్ సెయింట్ మేరీస్ ఆసుపత్రిలో చేసి, "జర్నల్ ఆఫ్ ఫిజియాలజీ"లోనే వేశాడు. బాసెల్‌లో దాన్ని చూస్తున్నవాళ్లలో, తర్వాత ఈసీజీ పరికరం తయారుచేసిన అయింతోవెన్ ఉన్నాడు. ఈసీజీ సంగతి అక్కడి నుంచి మీకు తెలిసిందే.

సెమినార్ అయ్యాక ఏం అడిగారో ఇక్కడ రాయండి.